తాలు

మూడో రోజు కూడా ఓదెమ్మ స్లైడునే
మైక్రోస్కోపు కింద పెట్టాను.
నంబరు పదకొండు వందల ఎనభై నాలుగు. వయసు యాభై మూడు.
ఎనుమాముల యార్డులో మిర్చి ఏరుతుంది.

కేసు షీటు మీద డాక్టరమ్మ రెండే ముక్కలు రాసింది:
ముట్లు ఆగి ఆరేండ్లు. నాలుగు నెలలుగా మళ్ళీ కనబడుతున్నది.
ఆ నాలుగు నెలలూ ఎవరికీ చెప్పలేదట,
చెల్లెలితో మాత్రం
"నాకు మళ్ల పడుచుతనం వచ్చిందే" అని నవ్విందట.

ఆ దొంగ ఉత్తరాలు రాసింది గడ్డే,
నీకింకా ఇరవయ్యేనని
ఒంటికి రోజూ ఒకటి.

కోసి తెచ్చిన రోజు తూచాను. ఎనిమిది వందల అరవై గ్రాములు.
కత్తి పెడితే గదులు గదులు, గదుల్లో పాత నెత్తురు,
నడుమ పసుప్పచ్చటి కండ.
గిన్నె పట్టుకున్న మొగిలి తల అటు తిప్పుకున్నాడు.

మామూలుగా వచ్చే క్యాన్సర్ ముఖం చూడగానే తెలుస్తుంది,
ఎగబడి, గీత దాటి, ఒకదాన్నొకటి తొక్కుకుంటూ.
ఇవి వరుసలో నిలబడ్డాయి
రేషన్ షాపు ముందు పెట్టిన సంచుల్లా.
అక్కడక్కడా ఒక గులాబీ చుక్క చుట్టూ గుండ్రంగా కూర్చున్నాయి,
చలిమంట దగ్గర కూలోళ్ళు కూర్చున్నట్టు.
ఆ బుద్ధిమంతపు కూర్చోవడమే
నన్ను మూడు రోజులు ఆపింది.

పెద్ద లెన్సు తిప్పాను.
ప్రతి కేంద్రకానికీ నడుమ సన్నటి గాడి.
పుస్తకంలో దీన్ని కాఫీ గింజ అన్నారు.
మా రేగొండలో కాఫీ గింజ ఎవరు చూశారు?
జ్వరమొస్తేనే గోధుమరొట్టె చేసే ఇంట్లో
అమ్మ చాటలో రాళ్ళేరుతుంటే
నా వేలు ఆడుకున్న గీత అది.

పేరు నోటిదాకా వచ్చింది. మింగాను.
పదకొండేండ్ల ఉద్యోగంలో దీన్ని రెండుసార్లే చూశాను,
అందులో ఒకటి పరీక్షలో.

మైనపు దిమ్మెను దూదిలో చుట్టి, మందుల డబ్బాలో పెట్టి
హన్మకొండ బస్టాండు కార్గో కౌంటర్లో ఇచ్చాను.
"ఏముంది మేడం?"
"మైనం."
రశీదు మీద అదే రాశాడు.

పదో రోజు హైదరాబాదు నుంచి ఫోను.
"ఇన్హిబిన్ పాజిటివ్. మీరనుకున్నదే, గ్రాన్యులోసా."
సరిగ్గా పట్టానన్న సంతోషం
మెట్లు సగం దిగేసరికి సిగ్గయింది.

రిపోర్టుకు ఆమే వచ్చింది, కుట్ల మీద చెయ్యి పెట్టుకుని,
యార్డుకు పోయి బాకీ కూలి తీసుకుని.
కొంగు దులిపింది. మొగిలి తుమ్మాడు, నేను తుమ్మాను,
పక్కగదిలో రక్తం తీసే పిల్ల తుమ్మింది.

చెప్పాను. అరుదైనదని, చెడ్డదేనని,
నెమ్మదిగా నడుస్తుందని, పగలకుండా బయటికొచ్చిందని,
పదేండ్లకో ఇరవయ్యేండ్లకో తిరిగి రావచ్చు గనుక
చూపించుకుంటూనే ఉండాలని.

"అండ్ల చూసి ఎట్ల ఏరినవమ్మా?"

చూడమన్నాను. గుండీ తిప్పడం నేర్పాను.
ఒక కన్ను మూసి, నోరు తెరిచి, చాలాసేపు చూసింది.
"అన్నీ ఎర్రగనే ఉన్నయి గదా."
కొంచెం ఆగి తనే అంది:
"తాలు గూడ గంతే. కుప్పల ఉన్నప్పుడు ఎర్రగనే ఉంటది.
కొత్తోల్లకు దొరకది.
నాకైతె చూడకున్నా చెయ్యికే తెలుస్తది.
ఇది మాత్రం తెల్వలె."

రిపోర్టు నాలుగు మడతలు పెట్టి జాకెట్లో దోపుకుంది.
తలుపు దగ్గర ఆగింది.
"ఇరవయ్యేండ్లు చూపెట్టుకొమ్మంటున్నవు.
అంటె ఇరవయ్యేండ్లు ఉండుమనే గదా?"

ఈ ప్రశ్నకు రంగు వేసి చూసే స్లైడు నా దగ్గర లేదు.
ఉండమనే, అన్నాను.

చీకటి పడ్డాక ఆమె తిప్పిన గుండీనే తిప్పి
ఇంకో ఊరామె స్లైడు చూశాను.
అలవాటుగా అదే చేత్తో కన్ను నలుపుకున్నాను.
కాజీపేట బ్రిడ్జి దాటేదాకా
కుడికన్ను మండుతూనే ఉంది.